సొరంగ ముఖం: కొండంత చరిత్ర, జానెడు నమూనా

మహారాష్ట్రలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు భోర్ ఘాటు సొరంగాలు కొత్తవి కావు. షోలాపూరు నుండి బొంబాయికి పనుల మీద వెళ్ళినవారూ, తెలంగాణ పల్లెల నుండి బయలుదేరి రాయచూరు మీదుగా ఆ మహానగరం చేరినవారూ ఈ కనుమల చీకటిని దాటియే పోయినారు. గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే మార్గమూ, మద్రాసు రైల్వే మార్గమూ రాయచూరులో కలిసినది 1871లో. ఆనాటి నుండి తెలుగుదేశానికీ బొంబాయికీ నడుమ ప్రయాణమంటే భోర్ ఘాటు దిగడమే అయినది. కిటికీ వద్ద కూర్చున్న పిల్లలు సొరంగాలను వేళ్ళమీద లెక్కపెట్టడం, చీకటి కమ్మగానే ఒక్కసారిగా కేకలు వేయడం ఎరుగని ఇల్లు ఉండదు.

అయితే సొరంగం లోపలి చీకటి గుర్తున్నంతగా సొరంగ ముఖం ఎవరికీ గుర్తుండదు. బండిలో కూర్చున్నవారికి అది సరిగా కనబడదు. మలుపులో ఒక్క క్షణం మెరిసి మాయమవుతుంది. దానిని రాయి రాయి లెక్కపెట్టుకొని తీరికగా చూచేవారు ఇద్దరే. దానిని కట్టిన తాపీపనివారు ఒకరు; దానినే జానెడు పరిమాణంలో మళ్ళీ కట్టదలచిన నమూనా రైల్వే నిర్మాతలు మరొకరు. ఈ రెండవవారి విద్యకు కూడ ఒక చరిత్ర ఉన్నది. దానిని చెప్పవలెనంటే మొదటివారితోనే ప్రారంభించడం న్యాయం.

కొండను తొలిచినంత మాత్రాన సొరంగం పూర్తి కాదు. తొలిచిన చోట కొండ అంచు తెగిన గాయంవలె నిలిచి ఉంటుంది. వాన పడిన ప్రతిసారీ మట్టి జారుతుంది, రాళ్ళు దొర్లుతాయి, పైనుండి నీరు పట్టాల మీదికి దూకుతుంది. వీటిని ఆపుటకే ముఖద్వారం కడతారు. నడుమ కమాను, కమానుకు ఇరుప్రక్కల కొండను వెనుకకు నెట్టి పట్టుకొనే రెక్క గోడలు, పైన రాళ్ళు పడకుండ పిట్టగోడ, దాని వెనుక నీటిని ప్రక్కలకు మళ్ళించే కాలువ, గోడలో చెమ్మ బయటికి పోవుటకు చిన్న తూములు: ఇవి దాని అంగాలు. కొండరాయి గట్టిదై, పగుళ్ళు లేనిదైతే ఇవేవీ అక్కరలేదు; రాతినే కమాను ఆకారంలో చెక్కి వదిలివేస్తారు. కనుక సొరంగ ముఖాన్ని చూస్తే దాని వెనుకనున్న కొండ స్వభావం తెలుస్తుంది. మెత్తని కొండకు గట్టి ముఖం కావలెను.

ఇది ఇంజనీర్ల లెక్క. కాని ఇంగ్లండులో రైల్వేల తొలి దశాబ్దాలలో కట్టిన ముఖద్వారాలను పరిశీలిస్తే ఈ లెక్కకు అందని సంగతి మరొకటి కనబడుతుంది. అవి కోటలవలె, దేవాలయాలవలె, జమీందారుల భవనాలవలె ఉన్నవి. బ్రూనెల్ అనే ప్రసిద్ధ ఇంజనీరు నిర్మించి 1841లో తెరచిన బాక్స్ సొరంగం సుమారు 2.9 కిలోమీటర్ల పొడవు గలది. రహదారికి ఎదురుగా కనబడే దాని పడమటి ముఖాన్ని అవసరానికి మించిన ఎత్తుతో, ప్రాచీన రోమను శైలిలో, పైన చెక్కుడు పిట్టగోడతో తీర్చినారు. ఆ సొరంగ నిర్మాణంలో సుమారు 100 మంది కూలీలు ప్రాణాలు కోల్పోయినారు. అదే సంవత్సరం బ్రైటన్ మార్గంలో తెరచిన క్లేటన్ సొరంగానికి ఉత్తర ముఖాన రెండు బురుజులు నిలిపినారు. ఆ బురుజుల నడుమ ఒక చిన్న ఇల్లు కూడ ఉన్నది. దూరం నుండి చూచేవారికి అది రైలుదారి అని గాక ఏదో పాతకాలపు దుర్గమని తోస్తుంది.

ఈ అలంకారానికి కారణం భయం. గుర్రపుబండ్ల నుండి అప్పుడే రైలుకు మారిన ప్రయాణికునికి భూగర్భంలోకి దూసుకుపోవడం మృత్యుముఖంలోకి పోవడమే అనిపించేది. పొగకు ఊపిరాడదనీ, కొండ కూలుననీ చెప్పుకొనేవారు. ఆ భయాన్ని పోగొట్టుటకు బ్రైటన్ మార్గపు సొరంగాల లోపల సున్నం కొట్టి, గ్యాసు దీపాలు వెలిగించినారు. ముఖద్వారాన్ని బలిష్ఠంగా, గంభీరంగా కట్టడం కూడ ఆ ధైర్యవచనంలో భాగమే. లండను సమీపాన ప్రింరోజ్ హిల్ సొరంగానికి మాత్రం కారణం వేరు. అక్కడి భూములు ఈటన్ కళాశాలవి. రైలుదారి తమ స్థలాల అందాన్ని చెరుపరాదని ఆ కళాశాలవారు పట్టుబట్టినందువలన 1837 నాటికి దానికి సొగసైన రాతి ముఖం ఏర్పడినది. భయమూ, భూస్వాముల పట్టుదలా కలిసి ఒక శిల్పకళను పుట్టించిన విధం ఇది.

మన దేశంలో తొలి రైలు బొంబాయి నుండి ఠాణాకు 1853 ఏప్రిల్ 16న నడిచినది. మరుసటి సంవత్సరమే మార్గం కల్యాణ్ వరకు సాగినది. ఆ దారిలోనే సొరంగాలు తొలిచినారు. కాని అసలైన పరీక్ష సహ్యాద్రి. ఖండాలా నుండి పుణె వరకు రైలు 1858లోనే నడిచినది. బొంబాయి వైపు మార్గం కొండ అడుగున ఆగిపోయినది. నడుమనున్న కొండను ప్రయాణికులు పల్లకీలలో, గుర్రాల మీద, బండ్లలో ఎక్కి దిగేవారు. ఆ ఖాళీని పూరించినదే భోర్ ఘాటు మార్గం. దాని పొడవు సుమారు 25 కిలోమీటర్లు. ఆ దూరంలో ఎక్కవలసిన ఎత్తు 1,831 అడుగులు. ప్రతి 37 అడుగులకు ఒక అడుగు చొప్పున ఎక్కే నిట్రమైన వాలు అందులో ఉన్నది. 25 సొరంగాలు. 1856లో ప్రారంభమైన పని 1863లో ముగిసినది.

ఆ సొరంగాలను తొలిచినది డైనమైటు కాదు; డైనమైటుకు పేటెంటు లభించినది 1867లో. నల్ల తుపాకి మందుతో, ఉలితో, సమ్మెటతో తొలిచినారు. సహ్యాద్రి రాయి అగ్నిపర్వతాల లావా గడ్డకట్టిన నల్లరాయి; దాని గట్టితనం ఉలి పట్టినవారికే తెలుసు. నిలబడుటకు చోటు లేని నిట్రపు కొండ ముఖాల మీద మనుష్యులను పైనుండి త్రాళ్ళతో క్రిందికి దింపేవారు. వారు గాలిలో వ్రేలాడుతూనే మందు దట్టించుటకు రంధ్రాలు తొలిచేవారు. వానకాలంలో పని ఆగేది. కలరా మాత్రం ఆగేది కాదు. 1861 ప్రారంభంలో ఒక్క ఈ కనుమలోనే 42,000 మందికి పైగా పనిచేసినారు. ఎనిమిదేండ్లలో సుమారు 25,000 మంది మరణించి ఉండవచ్చునని చరిత్రకారుల అంచనా. అంచనా అనడం తప్ప మరొక మాట లేదు, ఏలయనగా ఒక్కొక్కరి పేరు వ్రాసి ఉంచిన పట్టిక లేదు.

గుత్తేదారు విలియం ఫావియెల్ హయాంలో కూలి డబ్బులు సకాలంలో అందక 1859 జనవరిలో పనివారు తిరగబడినారు. యూరోపియను మేస్త్రీల మీద దాడి జరిగినది. ఆయన గుత్త వదలుకొనగా, సోలొమన్ ట్రెడ్‌వెల్ అనే ఆయన దానిని చేపట్టి, బొంబాయి చేరిన కొద్ది వారాలకే మరణించినాడు. పిమ్మట ఆయన భార్య ఆలిస్ ట్రెడ్‌వెల్ గుత్తను తన చేతికి తీసుకొని, అనుభవజ్ఞులైన ఇంజనీర్లను నియమించి, పనిని చివరిదాకా నడిపించినది. పందొమ్మిదవ శతాబ్దపు నడుమ ఒక స్త్రీ ఇంతటి పనికి బాధ్యత వహించడం విశేషమే. ఈ మార్గాన్ని రూపొందించిన ప్రధాన ఇంజనీరు జేమ్స్ బెర్క్‌లీ అది పూర్తికావడానికి ముందే, 1862లో కన్నుమూసినాడు.

సొరంగ ముఖం మీద సాధారణంగా చెక్కేది పని పూర్తయిన సంవత్సరం. పని చేసినవారి సంగతి అక్కడ ఉండదు. దీనికి భిన్నమైన ఉదాహరణ స్విట్జర్లండులో ఉన్నది. 1882లో తెరచిన 15 కిలోమీటర్ల గొట్టార్డ్ సొరంగంలో సుమారు 200 మంది మరణించినారు. దాని గుత్తేదారు లూయీ ఫావ్ర్ కూడ 1879లో సొరంగం లోపలనే కూలిపోయి మరణించినాడు. చనిపోయిన పనివానిని తోటివారు మోసుకొని వచ్చే దృశ్యాన్ని విన్సెంజో వేలా అనే శిల్పి మలచినాడు. సొరంగపు దక్షిణ ముఖాన గల ఐరోలో అనే ఊరిలో ఆ శిల్పాన్ని కంచులో పోతపోసి 1932లో నిలిపినారు. అది కూడ అర్ధ శతాబ్దం ఆలస్యంగానే.

ఇక బొమ్మ రైళ్ళ సంగతి. నిజమైన రైలు వచ్చిన వెంటనే బొమ్మ రైలు కూడ వచ్చినది. కాని దానికి పట్టాలు లేవు, నేలమీద ఈడ్చుకొని పోయేదే. గోపింగెన్ పట్టణానికి చెందిన జర్మను సంస్థ మార్‌క్లిన్ 1891లో లైప్‌జిగ్ సంతలో ఎనిమిది అంకె ఆకారంలో పట్టాలు పరచి, వాటిపై తాళంచెవితో స్ప్రింగు బిగించి నడిపే రైలును ప్రదర్శించినది. పట్టాల వెడల్పుకు నిర్ణీత కొలతలు ఏర్పడినవి అప్పటి నుండియే. పట్టాలు గుండ్రంగా తిరుగుతాయి కనుక రైలు ఎంత నడిచినా ఎక్కడికీ పోదు. చూచే పిల్లవానికి ఆ విసుగు కలుగకుండ చేసినది సొరంగం. రేకుతో గాని, నానిన కాగితపు గుజ్జుతో గాని చేసిన బోలు గుట్టను పట్టాల మీద బోర్లించేవారు. రైలు ఒక ప్రక్క దూరి మరొక ప్రక్క వెలువడేలోగా ఒకటి రెండు క్షణాలు గడుస్తాయి. ఆ క్షణాలలో రైలు ఏదో ఊరికి పోయి వచ్చినట్లే. సంక్రాంతి బొమ్మల కొలువులో మట్టితో గుట్ట పెట్టి, మొలకలతో అడవి నాటిన ఇండ్లలోని పిల్లలకు ఈ ఊహ వివరించి చెప్పవలసిన పని లేదు.

కాని ఆ గుట్టకు ముఖం ఉండేది కాదు. రేకుమీద కమాను రంగుతో అచ్చువేసి ఉండేది, అంతే. ఇంగ్లండులో హార్న్‌బీ రైళ్ళు 1920లో వచ్చినవి. 1930లు ముగిసేనాటికి బొమ్మకూ నమూనాకూ తేడా ఏర్పడినది. నమూనాలో ప్రతి వస్తువూ ఒకే నిష్పత్తిలో తగ్గవలెను. అసలు పరిమాణంలో 87వ వంతును హెచ్ ఓ అనీ, సుమారు 76వ వంతును డబుల్ ఓ అనీ వ్యవహరిస్తారు. ఈ రెండింటికీ పట్టాల నడుమ ఎడం 16.5 మిల్లీమీటర్లే. నిష్పత్తి అనే నియమం వచ్చిన పిమ్మట రంగు వేసిన కమాను చాలలేదు. రాయి రాయిగా కనబడవలసి వచ్చినది. ఇంగ్లండులో జాన్ అహెర్న్ తన మ్యాడర్ వ్యాలీ నమూనాలో రైలుతో సమానంగా ఇండ్లకూ వంతెనలకూ నేలకూ ప్రాధాన్యమిచ్చి, చూచేవారి దృష్టినే మార్చినాడు. అది నేడు పెండన్ ప్రదర్శనశాలలో భద్రంగా ఉన్నది. అమెరికాలో జాన్ ఆలెన్ తన ఇంటి అడుగు అంతస్తులో నేల నుండి కప్పు వరకు లేచిన కొండలతో గోరె అండ్ డెఫీటెడ్ అనే నమూనా రైల్వేను నిర్మించినాడు. 1973 జనవరిలో ఆయన మరణించిన పది దినాలకే అది అగ్నికి ఆహుతి అయినది. ఛాయాచిత్రాలు మిగిలినవి.

నమూనా సొరంగానికీ నిజమైన సొరంగానికీ ఒక విచిత్రమైన భేదం ఉన్నది. నిజమైన చోట కొండ ముందు పుట్టినది. ముఖం ఆ కొండను ఆపుతుంది. నమూనాలో ముఖమే ముందు పుడుతుంది. కొండను దాని వెనుక తరువాత అల్లుతారు. ఆ కొండ లోపల బోలు. జాలిమీద ప్లాస్టరులో ముంచిన గుడ్డపీలికలో, థర్మోకోలు పలకలో తప్ప అక్కడ బరువేమీ లేదు. అయినా ఇంత బరువును తాను మోస్తున్నానని ఆ ముఖం చూచేవారిని నమ్మించవలెను. అది నమ్మించలేకపోతే ఎంత చక్కని కొండయైనా అట్టముక్కయే.

అందుచేతనే అంగళ్ళలో దొరికే సిద్ధపు ముఖద్వారాలతో మన దేశపు నమూనాకారులకు తృప్తి కలుగదు. అవి జర్మను కొండలకూ, ఇంగ్లండు గుట్టలకూ చేసినవి. బురుజులున్న ద్వారంలోనుండి దక్కను ఎక్స్‌ప్రెస్ వెలువడితే అది చూడ ముచ్చటగా ఉండవచ్చును గాని, నిజంగా ఉండదు. కొలతల చిక్కు అంతకంటె పెద్దది. భారతదేశపు బ్రాడ్‌గేజి పట్టాల నడుమ ఎడం 1,676 మిల్లీమీటర్లు, ఐరోపాలో 1,435. మన దేశపు కొలతను 87వ వంతుకు తగ్గిస్తే 19 మిల్లీమీటర్లకు పైగా రావలెను. అంగడిలో దొరికే పట్టా 16.5 మాత్రమే. మన పెట్టెలు కూడ వెడల్పు. పెరంబూరులోని ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ నమూనా పెట్టె వెడల్పు 3,245 మిల్లీమీటర్లు. 87వ వంతులో అది 37 మిల్లీమీటర్లకు పైబడుతుంది. ఐరోపా పెట్టెకు సరిపోయేటట్లు చేసిన కమానులో ఇది బొటాబొటిగా పట్టవచ్చును, మలుపు మీద మాత్రం గోడను రాసుకొనక తప్పదు.

మలుపు లెక్క తెలియక ఎన్నో చక్కని ముఖద్వారాలు పగులగొట్టవలసి వస్తుంది. పొడవైన పెట్టె మలుపు తిరిగేటప్పుడు దాని నడుము లోపలి వైపుకు, కొసలు బయటి వైపుకు జరుగుతాయి. పై పెట్టెకు రెండు బోగీల కేంద్రాల నడుమ దూరం 14,783 మిల్లీమీటర్లు. నమూనాలో సుమారు 170. పెట్టె మొత్తం పొడవు నమూనాలో సుమారు 245. మలుపు వ్యాసార్ధం 600 మిల్లీమీటర్లనుకొన్నచో, 170ని దానితోనే హెచ్చించి, వ్యాసార్ధానికి ఎనిమిది రెట్లయిన 4,800తో భాగించగా 6 వస్తుంది. పెట్టె నడుము అన్ని మిల్లీమీటర్లు లోనికి వస్తుందన్నమాట. కొసలు ఇంచుమించు ఆరున్నర మిల్లీమీటర్లు బయటికి పోతాయి. సూటి దారిలో 37 మిల్లీమీటర్లు చాలిన పెట్టెకు ఇక్కడ 50 కావలెను. ఆపైన ఊపిరి పీల్చుకొనుటకు చోటు వేరు. ఉన్నత పాఠశాల గణితంలో వృత్తానికీ జ్యాకూ గల సంబంధమే ఇది. అది బల్లమీద నిజమైన పనికి వచ్చే చోటు ఇంతకంటె చక్కనిది దొరకదు. విద్యుత్తు తీగల మార్గమైతే ఎత్తు కూడ పెరుగుతుంది.

కొలతలు కుదిరిన పిమ్మట రూపం. నిజమైన సొరంగ ముఖాన్ని ఛాయాచిత్రం నుండి కొలుచుటకు పట్టాల ఎడమే కొలబద్ద. చిత్రంలో పట్టాల నడుమ దూరం 1,676 మిల్లీమీటర్లని తెలుసు కనుక, దానినిబట్టి కమాను ఎత్తూ, ఒక్కొక్క రాతి వరుస మందమూ లెక్కకట్టవచ్చును. చిత్రం ముఖానికి ఎదురుగా తీసినదై ఉండవలెను. ప్రక్కనుండి తీసినది మోసం చేస్తుంది. ముందుగా అట్టతో నమూనా కత్తిరించి, పట్టాలమీద నిలిపి, ఉన్నవాటిలో అన్నిటికంటె పొడవైన పెట్టెను చేతితో నెట్టి చూడవలెను. ఈ పని పూర్తికానిదే ప్లాస్టరు సంచి విప్పరాదు.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ను నీళ్ళలో కొద్దికొద్దిగా చల్లాలి. ప్లాస్టరులో నీళ్ళు పోస్తే ఉండలు కడుతుంది. అద్దంమీద అర అంగుళానికి లోపుగా పలక పోసి, అది గట్టిపడి ఇంకా చెమ్మగా ఉండగానే సూదితో రాతి సందులు గీయవలెను. ఆరిన పలక పెళుసు, గీత పెచ్చులూడుతుంది. కమాను రాళ్ళ వద్దనే చేయి తిరిగినవానికీ తిరుగనివానికీ భేదం తెలిసిపోతుంది. కమాను రాళ్ళ సందులన్నీ వలయ కేంద్రం వైపు చూడవలెను; కొత్తవారు గోడ రాళ్ళవలె నిలువుగా గీస్తారు. రాళ్ళ సంఖ్య బేసి కావలెను, అప్పుడే నడినెత్తిన ఒక రాయి నిలుస్తుంది. నిజమైన కమానును కర్ర చట్రంమీద రెండు వైపుల నుండి పేర్చుకొనివచ్చి చివరకు ఆ నడిమి రాయిని బిగిస్తారు. చట్రం తీసివేసినా కమాను నిలుస్తుంది. నమూనాలో చట్రమూ లేదు, బరువూ లేదు. అయినా ఆ రాయి లేకపోతే కంటికి ఏదో లోటు తోస్తుంది. కన్ను బరువును ఎరుగును.

ముఖాన్ని కొండకు అతికించే పని మెలకువతో కూడినది. అతుకు కనబడరాదు. రంపపు పొట్టును చింతగింజల పొడితో కలిపి మక్కు పెట్టి, ముక్కలుగా చేసిన అంగాలను ఏకం చేసే కొండపల్లి బొమ్మల పనితనాన్ని ఎరిగినవారికి ఇది కొత్తగా తోచదు. ద్వారం లోపల కనీసం జానెడు దూరం రాతి పూత సాగవలెను, ఆపైన నల్లరంగు. లేనిచో తొంగిచూచినవారికి బల్ల కాళ్ళు కనబడతాయి. కొండ వెనుక చేయి దూరేంత కిటికీ విడువవలెను. సొరంగంలో రైలు పట్టా తప్పడం ఆచారమా అనిపించేంత తరచుగా జరుగుతుంది.

రంగుల వద్ద చరిత్ర మళ్ళీ ప్రవేశిస్తుంది. సహ్యాద్రి నల్లరాయికి ఇంగ్లండు పెట్టెలోని బూడిదరంగు పనికిరాదు. నలుపులో కొంత నీలమూ కొంత గోధుమా కలపవలెను. వానకాలపు తేమకు పిట్టగోడ క్రింద పాచి పచ్చగా దిగుతుంది. రాతి సందుల సున్నం కరిగి తెల్లని చారలు కడుతుంది. కమాను నెత్తిమీది మసి అన్నిటికంటె ముఖ్యం, ఏలయనగా అది తేదీ చెబుతుంది. భోర్ ఘాటులో ఆవిరి యంత్రాల స్థానే విద్యుత్తు యంత్రాలు వచ్చినది 1920ల చివర. అంతకు పూర్వపు కాలాన్ని చూపే నమూనాలో కమానుపై మసి దట్టంగా ఉండవలెను, తీగలు ఉండరాదు. తరువాతి కాలమైతే తీగలు కావలెను, మసి పాతబడి వానకు వెలిసి ఉండవలెను. ఒకే ముఖంపై తాజా మసినీ తీగలనూ రెండింటినీ చూపినవాడు చేతిపని ఎంత నేర్చినా చరిత్ర చదువలేదనే చెప్పాలి.

పుణెలో 1998లో ప్రారంభమైన జోషీగారి సూక్ష్మ రైల్వే ప్రదర్శనశాల ఈ విద్యను మహారాష్ట్ర పిల్లల చెంతకు తెచ్చినది. ఢిల్లీలో జాతీయ రైలు ప్రదర్శనశాల 1977 నుండి ఉన్నది. నేడు లేసరు కిరణంతో పలకలు కోసే యంత్రాలూ, గణకయంత్రం గీసిన బొమ్మను పొరపొరగా పోతపోసే ముద్రణ యంత్రాలూ వచ్చినవి. కోరిన కొలతకు కోరిన ముఖం ఒక్క పూటలో తయారవుతుంది. అది మంచిదే. అయితే యంత్రానికి కొలత ఎవరో ఒకరు ఇవ్వవలెను. ఏ రాతి వరుస ఎంత మందమో, ఏ మూల పాచి దిగినదో అక్కడికి పోయి చూచినవారే చెప్పగలరు.

పోయి చూచుటకు అన్నీ మిగిలి లేవు. ఖండాలా వద్ద వెనుకకు మళ్ళే స్టేషను ఒకటి ఉండేది. నిట్రపు వాలు వలన బండి అక్కడ ఆగి, యంత్రం ఈ కొసనుండి ఆ కొసకు మారి, వచ్చిన దిక్కుకు ఎదురు దిక్కుగా బయలుదేరేది. 1929లో కొత్త సొరంగాలతో దారి మార్చిన పిమ్మట దానికి పని లేకపోయినది. ఆ పరిసరాలలోనే 1830 నాటి పాత రాతి వంతెన ఒకటి నిలిచి ఉండేది. రైలు రాక మునుపటి బాటసారులకు దారియైన ఆ వంతెనను, దానిపై వ్రాసిన ప్రకటనను బట్టి జనులు అమృతాంజనం వంతెన అని పిలిచేవారు. ఆ అమృతాంజనాన్ని 1893లో బొంబాయిలో ప్రారంభించినది కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. 1908లో అదే నగరంలో ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించినది కూడ ఆయనే. బొంబాయికి పోయే తెలుగువారు ఆ పేరు చూచి మనవాడని చెప్పుకొనేవారంటే ఆశ్చర్యం లేదు. ఆ వంతెనను 2020 ఏప్రిల్‌లో కూల్చివేసినారు. దాని కమానుల వెడల్పెంతో, రాళ్ళ వరుసలెన్నో ఇప్పుడు ఛాయాచిత్రాలను బట్టి లెక్కకట్టవలసినదే. దానిమీద పట్టాలు లేవు కనుక కొలబద్దను కూడ వేరుగా వెదుకవలెను.